తాగని మనిషి తూలితే

తాగొచ్చినవాళ్లని పట్టడానికి డిపో గేటు దగ్గర పెట్టిన ఊదుడు మిషనంటే డ్రైవర్లందరికీ చిరాకే. పొద్దున్నే మొహం సరిగ్గా విచ్చుకోకముందే గొట్టం మూతి దగ్గర పెట్టి "ఊదు" అంటే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు. ఒక్క నిదానానికే అదంటే సరదా. ఊదేముందు మీసం తుడుచుకుని, ఫొటో దిగేవాడిలా నిటారుగా నిలబడతాడు. సున్నా కనబడగానే పక్కవాడికి కూడా చూపిస్తాడు.

"నీ చేత ఊదించడం దండగయ్యా, మిషన్ అరిగిపోవడం తప్ప" అంటాడు గేటు గుమాస్తా రోజూ.

"అరగనివ్వు. సున్నా చూపించడానికి దానికీ ఒక మనిషి ఉండాలిగా" అంటాడు నిదానం రోజూ.

అతనికి అమ్మా నాన్నా పెట్టిన పేరొకటి ఉంది గానీ అది డ్యూటీ బోర్డు మీద తప్ప ఎక్కడా వినపడదు. మలుపు రాగానే అందరూ హారను మీదికి చెయ్యి పోనిస్తే ఇతను బ్రేకు మీదికి కాలు పోనిస్తాడు. ఎవరో నిదానం అన్నారు. అదే ఖాయమైపోయింది. ఎక్కించుకున్న మనిషిని దించేదాకా పూచీ నాదే అనుకునే రకం.

ఆ రోజు కూడా సున్నా చూపించి, ఇనప కడ్డీ పుచ్చుకుని బండి చుట్టూ తిరిగాడు. ఒక్కో టైరు మీదా కొట్టి చెవి పెట్టి విన్నాడు. వెనక టైరు దగ్గర వంగి లేచేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. వెంటనే రేకు మీద చెయ్యి ఆనించి, అక్కడేదో గీత పడితే చూస్తున్నట్టు నిలబడ్డాడు. ఈ మధ్య ఈ నాటకం బాగా అలవాటైంది. గీతలు వెతుకుతున్నాడనుకుని మెకానిక్కు ఒకసారి ఆ రేకుకి రంగు కూడా వేయించాడు.

"అన్నయ్యా, ముందు ఇది తాగండి" అంటూ కండక్టరమ్మాయి సీసా మూత తీసి అందించింది. నిమ్మనీళ్లు. ఈ బండి మీద అతనితో పనిచేయడం మొదలుపెట్టినప్పట్నుంచీ ఆ పిల్ల అతన్ని సొంత అన్నలాగే చూసుకుంటుంది, సొంత అన్నని గదిమినట్టే గదుముతుంది కూడా.

నిదానం ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. "సముద్రంలో ముంచి తెచ్చావా?"

"ఉప్పు ఎక్కువే వేశాను. బీపీ పడిపోతే అదే మందు. మా అమ్మకి ఇదే ఇస్తాం. వదినకి కూడా చెప్పాను, ఇంట్లో కూడా ఇస్తోందిగా?"

"ఇవ్వకపోతే బతకనిస్తుందా. పొద్దునొకటి, మాపొకటి."

"మరి ఏడాది కింద వరకూ బీపీ ఎక్కువని గుప్పెడు మాత్రలు మింగేవారు. మొన్న క్యాంపులో చూసిన డాక్టరు మాత్ర లేకుండానే తగ్గిందని భుజం తట్టాడు. అంత బాగుపడ్డ మనిషికి ఈ తల తిరుగుడేంటో."

"ఎక్కువైతే ఒక బాధ, తగ్గితే ఒక బాధ" అని నిదానం సీసా ఖాళీ చేశాడు. బీపీ తగ్గిన రోజు ఇంట్లోనూ డిపోలోనూ అందరూ తలా కాస్త గొప్ప పంచుకున్నారు. నడవమని తరిమింది నేనే అని భార్య, షుగరుందని టీలో చక్కెర మాన్పించింది నేనే అని క్యాంటీనువాడు. పొట్ట పెరగడం చూసి, సుఖపడుతున్నాడన్నారు. బూట్ల తాళ్లు ముడి పడక ఊరికే లోపలికి దోపుకుంటున్న సంగతి మాత్రం ఎవరూ చూడలేదు. అతనూ చూపించలేదు.

మార్కెట్ కూడలి దగ్గర ఎర్రలైటు పడింది. నిదానం చూశాడు. బాగానే చూశాడు. కాలు బ్రేకు మీదికి వెళ్లాలని కూడా తెలుసు. కానీ తెలియడానికీ వెళ్లడానికీ మధ్య ఏదో మబ్బు లాంటిది అడ్డం పడింది. బండి తెల్లగీత దాటి ఇంత దూరం పోయి కుదుపుతో ఆగింది. కూరల సంచీతో రోడ్డు దాటుతున్న పెద్దావిడ వెనక్కి తూలి, బానెట్టు మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచింది.

"కళ్లు నెత్తికెక్కాయా నాయనా" అని అరిచి, వంకాయలు ఏరుకుని వెళ్లిపోయింది.

వెనక నిలబడ్డవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. కండక్టరమ్మాయి రాడ్డు పట్టుకుని ముందుకొచ్చింది. "ఏమైందన్నయ్యా?"

"బ్రేకు లూజుగా ఉంది. సాయంత్రం మెకానిక్కుకి చెప్పాలి" అన్నాడు నిదానం, అద్దంలోకి చూడకుండా. బండి మీద చాడీ చెప్పడం అతని సర్వీసులో అదే మొదలు. మిగతా దారంతా సైకిలు కూడా దాటిపోయేంత మెల్లగా నడిపాడు.

చివరి స్టాపులో ఇంజను ఆపి, సీట్లోంచి లేచి, మెట్టు దిగి రెండడుగులు వేశాడో లేదో, కాళ్ల కింద నేల పక్కకి జరిగినట్టయింది. స్తంభం పట్టుకోబోయాడు. అందలేదు. అందరి ముందూ మోకాళ్ల మీద కూలబడి, పక్కకి ఒరిగిపోయాడు.

కళ్లు తెరిచేసరికి చుట్టూ చెప్పులు. పైన మొహాలు. సాయానికి వంగినవాళ్లు ఇద్దరైతే, ఫోను పట్టుకుని వంగినవాళ్లు పదిమంది.

"పొద్దున్నే పట్టించేశాడు."

"కళ్లు చూడు, పచ్చగా ఎలా ఉన్నాయో. పాత తాగుబోతే."

"ఇందాక ఆ మార్కెట్ దగ్గరే అనుకున్నా నేను. ఇలాంటివాడి చేతిలోనా మన ప్రాణాలు."

కండక్టరమ్మాయి అందరినీ తోసుకుంటూ వచ్చి, "ఆయన టీ కూడా పంచదార లేకుండా తాగుతాడు, నోరు మూసుకోండి" అని అరిచింది. జనానికి అది ఇంకా మంచి వినోదమైంది.

*

డిపో మేనేజరు చెడ్డవాడు కాదు. పై అధికారులకి భయపడతాడు, అంతే. నిదానాన్ని ఎదురుగా కూర్చోబెట్టి, మళ్లీ ఊదించి, సున్నా చూసి, ఆ మిషన్‌ని బల్ల మీద బోర్లా పెట్టాడు.

"చూశారుగా సార్" అన్నాడు నిదానం.

"నేను చూస్తే సరిపోతుందా? ఆ వీడియో ఊరంతా తిరుగుతోంది. మిషన్‌కి దొరకనివి ఎన్ని లేవు ఇవాళ. మింగేవీ, పీల్చేవీ…"

"నేను తాగను సార్. ఏదీ మింగను."

"నువ్వు తాగావని నేనన్నానా?" మేనేజరు గొంతు తగ్గించాడు. "ఒంట్లో బాగాలేదని నాలుగు రోజులు సెలవు రాసివ్వు. గొడవ చల్లారుతుంది. ఎవరికీ ఏమీ గుర్తుండదు."

నిదానం కుర్చీ చేతుల్ని పట్టుకుని కూర్చున్నాడు. మాట మర్యాదగానే ఉంది. లోపలున్నది మాత్రం గుచ్చుకుంది. "సెలవు పెడితే తాగానని ఒప్పుకున్నట్టే కదా సార్. నేను రాయను. రేపు డ్యూటీకి వస్తాను."

"రా. కానీ స్టీరింగు ముట్టుకోవద్దు. బెంచీ మీద కూర్చో."

బయటికొస్తుంటే విశ్రాంతి గదిలో పేకముక్కలు పంచుతున్న డ్రైవర్లు మాటలు ఆపేశారు. వాళ్లలో ఇద్దరికి అతనే గేరు మార్చడం నేర్పాడు. ఒకడు లేచి, చాలా ప్రేమగా, భుజం మీద చెయ్యి వేసి "బాబాయ్, అలవాటు లేనివాడు మొదలుపెడితే ఇంతే, తట్టుకోలేరు. మాతో చెబితే మేం చూసుకునేవాళ్లం కదా" అన్నాడు. ఆ ప్రేమకి నిదానానికి కళ్లనీళ్లు తిరిగినంత పనైంది.

ఇంటికి వెళ్లేసరికి భార్య కుట్టుమిషను దగ్గర ఉంది. బడిపిల్లల యూనిఫారాలు గుట్టగా పోసుకుని, ఒకదాని తర్వాత ఒకటి కాజాలు తీస్తోంది. తలెత్తలేదు. తలెత్తలేదంటేనే అర్థమైంది, వీడియో ఇల్లు చేరిపోయిందని.

"పడ్డాను" అన్నాడు నిదానం.

"చూశాను" అంది ఆమె.

అతను చొక్కా విప్పి కుర్చీ మీద వేసి, మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. తువ్వాలు కోసం తిరిగి చూస్తే, గోడకి వేలాడే అద్దంలో ముందుగది కనిపించింది. భార్య ఆ చొక్కా చేతిలోకి తీసుకుంది. మట్టి దులిపింది. ఒకసారి గుమ్మం వైపు చూసి, దాన్ని మొహానికి దగ్గరగా తెచ్చుకుని వాసన చూసింది. కాలరు దగ్గర, జేబు దగ్గర. మళ్లీ కాలరు దగ్గర.

నిదానం చల్లనీళ్లు మొహాన కొట్టుకుంటూనే ఉన్నాడు. వీడియో తీసినవాళ్ల మీద కూడా రానంత దుఃఖం వచ్చింది. ఇన్నేళ్లు ఒక కంచం పక్కన ఒక కంచం పెట్టుకుని తిన్న మనిషి.

తువ్వాలుతో తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. "నేను తాగలేదు" అన్నాడు.

ఆమె చొక్కాని బకెట్లో వేసింది. "మా అన్నయ్య కూడా అదే అనేవాడు. చివరిదాకా అదే అన్నాడు. కాళ్లు ఉబ్బాయి, పొట్ట ఇలాగే ఉబ్బింది, ఎండలో తిరగడం వల్ల అనేవాడు. వాడికి అన్నం కలిపి పెట్టింది నేనే. నాకు తెలియదా?"

తాగినవాడు తాగలేదంటాడు, తాగనివాడూ తాగలేదంటాడు. రెండు మాటలకీ రంగూ రుచీ ఒకటే. నిదానం చాప మీద కూర్చున్నాడు. కాసేపటికి ఆమే వంటింట్లోకి వెళ్లి నిమ్మకాయ పిండింది. డబ్బాలో చెంచా తగిలిన చప్పుడు వినిపించింది. కోపంగా ఉన్నా ఉప్పు మరిచిపోలేదు. గ్లాసు తెచ్చి అతని పక్కన నేల మీద పెట్టి మళ్లీ మిషను దగ్గరికి వెళ్లిపోయింది. అతను గుటకగుటకగా అంతా తాగేశాడు.

*

మర్నాడు అతను బెంచీ డ్యూటీకి కూడా వెళ్లలేకపోయాడు. పొట్ట డోలులా బిగిసింది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడడం లేదు. ప్యాంటు ఎక్కించుకోలేక మంచం అంచున కూర్చుని ఆయాసపడుతుంటే భార్య వచ్చి ముందు వంగి కూర్చుంది. కాలు పట్టుకుని ప్యాంటులో దూర్చబోయి ఆగిపోయింది. ఆమె బొటనవేలు నొక్కినచోట పిక్క మీద గుంట పడింది. వేలు తీసినా గుంట అలాగే ఉంది. మెత్తటి పిండిలో నొక్కినట్టు.

"ఇలా ఎప్పట్నుంచి?"

"వానలు మొదలైనప్పట్నుంచి."

"నాకు చెప్పాలని లేదా?"

"చెబితే డ్యూటీ మాన్పిస్తావు."

ఆమె కుట్టాల్సిన గుడ్డల్ని గుట్టగానే వదిలేసి, తాళం వేసి, ఆటో పిలిచింది.

ఆసుపత్రిలో వాళ్లకి దొరికిన డాక్టరు ఒక పెద్దావిడ. కళ్లజోడు మెడలో దారానికి వేలాడుతోంది. కావాల్సి వచ్చినప్పుడల్లా వెతుక్కుంటుంది. నిదానం కనురెప్ప కిందికి లాగి చూసింది. పొట్ట మీద ఒకపక్క వేళ్లతో తట్టి, అతన్ని పక్కకి తిప్పి మళ్లీ తట్టింది. అరచేతులు తిరగేసి ఎర్రదనం చూసింది. చేతులు ముందుకు చాపి, బండ్లు ఆపే పోలీసులా అరచేతులు నిలబెట్టమంది. అతను చాపాడు. వేళ్లు రెండుసార్లు వాటంతటవే కిందికి వాలి లేచాయి.

బీపీ పట్టీ చుట్టి, చూసి, పడుకోబెట్టి మళ్లీ చూసింది.

"రోజుకి ఎంత తాగుతారు?" అంది, వాతావరణం అడిగినంత మామూలుగా.

"తాగనండీ."

"ఇదివరకు?"

"ఎప్పుడూ లేదండీ."

డాక్టరమ్మ తల తిప్పి భార్య వైపు చూసింది. తిట్టడానికి కాదు, అందరినీ అలాగే అడుగుతుంది కాబట్టి అడిగింది. భార్య చేతిలో రుమాలు మడత పెట్టింది, విప్పింది. నిదానం ఆమె నోటి వైపే చూస్తున్నాడు. కోర్టులో తీర్పు చదువుతుంటే కూడా అంతలా చూసేవాడు కాదేమో.

"నాకు తెలిసి లేదండీ" అంది ఆమె.

నాకు తెలిసి. ఆ చిన్న మాట నిదానం గుండెలో ముల్లులా దిగింది. తల గోడకి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

అప్పుడే కండక్టరమ్మాయి ఖాకీ చొక్కాతోనే రొప్పుకుంటూ వచ్చింది. డ్యూటీ మధ్యలో గంట అడిగి వచ్చింది. వస్తూనే సంచీలోంచి సీసా తీసి, "అన్నయ్యా, ముందు ఇది తాగండి, ఎంత నీరసపడిపోయారో" అంది.

"ఏమిటది?" అంది డాక్టరమ్మ.

"నిమ్మనీళ్లండీ. బీపీకి. ఉప్పు బాగా వేసి…"

డాక్టరమ్మ సీసా తీసుకుని, మూతలో కాస్త పోసి నాలుకకి తాకించి చూసింది. కళ్లజోడు తీసి కిందికి వదిలేసింది. "రోజుకి ఎన్ని ఇలాంటివి?"

కండక్టరమ్మాయి ఈ వైపు చూసింది, భార్య ఆ వైపు చూసింది. ఇంట్లో రెండు, బండిలో రెండు, మధ్యలో నీరసంగా కనిపిస్తే ఇంకొకటి. ఇద్దరూ కలిసి చెప్పుకుంటే గానీ లెక్క తేలలేదు.

"సరే. మీ ఇద్దరి ప్రేమా ఇక్కడుంది" అని డాక్టరమ్మ నిదానం పొట్ట మీద మెల్లగా తట్టింది.

*

స్కాను చేశారు, రక్తం తీశారు, పొట్టలోంచి సూదితో నీళ్లు దించారు. మంచం పక్కన ఎండుగడ్డి రంగు నీళ్లు డబ్బాల్లోకి దిగుతుంటే, ఇంత బరువు మోసుకుని స్టీరింగు వెనక ఎలా కూర్చున్నానా అని నిదానానికే ఆశ్చర్యమేసింది. మర్నాటికి ఊపిరి సలిపింది. సాయంత్రం డాక్టరమ్మ వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది.

"మీరు బస్సు డ్రైవరు కదా. మీ భాషలో చెబుతాను. పేగుల్లోంచి గుండెకి వచ్చే రక్తమంతా లివరు మీదుగానే పోవాలి. వేరే దారి లేదు. మీ లివరు గట్టిపడిపోయింది. మెయిను రోడ్డు పూడిపోయినట్టు. రక్తం వెనక ఆగిపోయి అక్కడ ప్రెషరు పెరిగింది. ఆగిన బండ్లు ఏం చేస్తాయి?"

"సందుల్లోకి దూరతాయండీ."

"అదే జరిగింది. అన్నం దిగే గొట్టం దగ్గర సన్న సన్న నరాలున్నాయి, ఆ రక్తం వాటిలోకి దూరి వాటిని ఉబ్బించింది. అవి పగిలితే ప్రమాదం. రేపు గొట్టం వేసి చూసి, కావాలంటే బిగించి కట్టేస్తాం."

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మరి బీపీ తగ్గిందన్నారు కదండీ అందరూ. పెరిగిందంటారేంటి?"

"రెండూ నిజమేనమ్మా. లివరు దగ్గర పెరిగింది. మిగతా ఒళ్లంతా నరాలు సడలి వెడల్పైపోయాయి, అక్కడ తగ్గింది. మనం పట్టీ చేతికి చుడతాం కాబట్టి మనకి తగ్గిందే కనబడుతుంది. ఏళ్ల తరబడి బీపీ ఉన్న మనిషికి మాత్ర మానేసినా దానంతటదే తగ్గిందంటే ఎందుకు తగ్గిందని ఎవరైనా అడగాల్సింది. సంతోషపడి ఊరుకున్నారు."

"మేం స్వీట్లు పంచాం" అంది భార్య చిన్నగా.

"ప్రెషరు తగ్గేసరికి ఒళ్లు ఏమనుకుంటుందంటే, రక్తం చాలడం లేదు కాబోలు, ఉప్పూ నీళ్లూ దాచిపెట్టుకోవాలి అనుకుంటుంది. మూత్రపిండాలు రెండూ అదే పనిలో ఉంటాయి. మీరేమో పైనుంచి ఇంకాస్త ఉప్పు పోశారు. అదంతా కాళ్లలోకీ పొట్టలోకీ దిగింది. ఇకనుంచి ఇంట్లో ఉప్పు డబ్బా ఆయనకి కనబడకూడదు."

చివరికి నిదానం ఎండిపోయిన పెదాలు తడుపుకుని అడిగాడు. "ఇది తాగుడు వల్ల వచ్చేది కదండీ?"

"తాగుడు వల్లా వస్తుంది. మీకు వచ్చింది మాత్రం కొవ్వు వల్ల, చాలాకాలంగా ఉన్న షుగరు వల్ల. మీరు తాగనన్నారు, నేను నమ్మాను. మిగతా పరీక్షలు కూడా మీ మాటకి అడ్డు రావడం లేదు" అని డాక్టరమ్మ భార్య చేతికి మందుల చీటీ ఇచ్చింది. "కింద కొట్లో తీసుకురామ్మా, రాత్రికి మొదలుపెట్టాలి."

భార్య లేచింది. గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి, మంచం పక్కన నిలబడింది. "మొన్న మీ చొక్కా…" అంది.

"అద్దంలో కనబడింది" అన్నాడు నిదానం.

ఆమె అతని పాదాల మీద దుప్పటి సర్ది, చీటీ గుప్పిట్లో నలిపేసుకుంటూ గబగబా వెళ్లిపోయింది.

ఆమె చెప్పుల చప్పుడు మెట్ల మీద తగ్గిపోయాక నిదానం అడిగాడు. "మళ్లీ బండి ఎప్పుడు ఎక్కొచ్చండీ?"

డాక్టరమ్మ స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. "నన్నడిగితే వద్దంటాను. తల తిరగడం ఒకటే అయితే మందులతో సర్దుకోవచ్చు. ఈ జబ్బులో లివరు వడకట్టాల్సిన చెత్త ఒక్కోసారి మెదడుకి ఎక్కుతుంది. మనిషి మెలకువగానే ఉంటాడు, అంతా కనబడుతూనే ఉంటుంది, కానీ కాలూ చెయ్యీ ఆలస్యంగా కదులుతాయి. ఆలస్యమైందని అతనికే తెలియకపోవచ్చు. మీకెప్పుడైనా అలా అయిందా?"

నిదానం కిటికీ వైపు చూశాడు. "లేదండీ" అన్నాడు.

ఊదుడు మిషన్ ముందు నిటారుగా నిలబడే మనిషి, తన మాట నమ్మిన మనిషి ముందే అబద్ధమాడాడు. ఆవిడ అతని మొహంలోకే కాసేపు చూసి, భుజం తట్టి వెళ్లిపోయింది. అతను దుప్పటి తల దాకా లాక్కున్నాడు. కండక్టరమ్మాయి, మెకానిక్కు, మేనేజరు, ఆ పేకముక్కల పిల్లలు, అందరూ వరసగా కళ్ల ముందుకొచ్చారు. ఇప్పుడు బండి వద్దంటే ఏమనుకుంటారు. దొరికిపోయాడు కాబట్టి దిగిపోయాడంటారు. వాళ్లు ఇంకెన్నాళ్లు పనిచేస్తే అన్నాళ్లు అంటారు.

*

ఆసుపత్రి నుంచి వచ్చిన మరుసటి రోజు అతన్ని డిపోకి తీసుకెళ్లింది భార్యే. తీసుకెళ్లిందనడం కంటే లాక్కెళ్లిందనడం సబబు. నరాలకి బ్యాండ్లు వేశారు, నీళ్లు దిగే మాత్రలిచ్చారు, మొహం పీక్కుపోయింది. ఆమె ఆటో దిగుతూనే కొంగు బిగించి, గేటు గుమాస్తా "ఎవరమ్మా" అంటున్నా వినకుండా నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లింది. ఆమె గొంతు విని డ్రైవర్లు ఒక్కొక్కరే వరండాలోకి చేరారు. కండక్టరమ్మాయి అందరికంటే ముందుంది.

"ఆయన పొట్టలో ఉన్నది మందు కాదు సార్, నీళ్లు. కావాలంటే డాక్టరమ్మ నంబరిస్తాను, ఎన్ని డబ్బాలు దించిందో అడగండి. లివరు జబ్బు. తాగనివాళ్లకి కూడా వస్తుందట, నాకు తెలియదు, మీకూ తెలియదు. మీరు పరాయివాళ్లు, అనుకున్నారంటే అనుకున్నారు. నేను…" అని ఆగిపోయింది. "నేను ఆయన చొక్కా వాసన చూశాను సార్. కట్టుకున్నదాన్నే ఆ పని చేశాను. అందుకే వచ్చాను. ఇక ఎవరూ చూడనక్కర్లేదు."

బాబాయ్ అన్న కుర్రడ్రైవరు తల దించుకుని గోళ్లు చూసుకున్నాడు. నిదానానికి భార్య చెయ్యి పట్టుకోవాలనిపించింది. అంతమందిలో ఎలా పట్టుకుంటాడు. నిలబడిన చోటే నిలబడి కళ్లు తుడుచుకున్నాడు.

మేనేజరు కుర్చీలోంచి లేచాడు. డాక్టరుకి ఫోను చేయలేదు. అది అతని మంచితనం. "తప్పు నాది కూడా ఉందమ్మా" అని, గోడకున్న మేకు నుంచి తాళంచెవి తీసి, వరండాలోకి వచ్చి, అందరూ చూస్తుండగా నిదానం చేతిలో పెట్టాడు. "నీ బండి సిద్ధంగా ఉంది. ఓపిక ఉంటే ఒక్క ట్రిప్పు వేసి రా. ఎక్కడ పడ్డావో ఆ స్టాపు దాకానే వెళ్లిరా. జనం చూడాలి. తర్వాత ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు పడుకో."

కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. భార్య మొహం వెలిగిపోయింది. ఇన్ని రోజుల్లో ఆమె అలా నవ్వడం అదే మొదటిసారి.

నిదానం మెట్టు ఎక్కి సీట్లో కూర్చున్నాడు. అద్దం సర్దుకున్నాడు. సీటు ఎవరో ముందుకి లాగేశారు, వెనక్కి జరుపుకున్నాడు. స్టీరింగు మీద అరచెయ్యి ఆనించి చుట్టూ ఒకసారి తిప్పాడు. చాలా హాయిగా ఉంది. కింద నిలబడ్డవాళ్లందరూ తల పైకెత్తి అతన్నే చూస్తున్నారు. ఏ మొహంలోనూ అనుమానం లేదు. ఒక్కదాంట్లో కూడా లేదు.

తాళంచెవి తిప్పకుండానే తీశాడు. చప్పున లేస్తే తల తిరుగుతుందని డాక్టరమ్మ చెప్పినట్టు కాసేపు అలాగే కూర్చుని, కమ్మీ పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ దిగాడు.

"ఆ రోజు మార్కెట్ దగ్గర బ్రేకు లూజు కాదు సార్" అన్నాడు. "నా కాలు ఆలస్యమైంది. లైటు చూశాను, కాలు వెళ్లలేదు. పెద్దావిడ అదృష్టం, నా అదృష్టం. ఈ జబ్బుకి అలా అవుతుందట. డాక్టరమ్మ బండి వద్దంది."

"అందుకా. కండక్టరమ్మాయి చెప్పిందని రెండు రోజులు ఆ బ్రేకు మొత్తం ఊడదీసి చూశానయ్యా" అన్నాడు మెకానిక్కు వెనకనుంచి.

ఎవరూ నవ్వలేదు. మేనేజరు తాళంచెవి వైపు, నిదానం వైపు చూశాడు. "ఈ మాట మొన్నే చెబితే అయిపోయేది కదా."

"మొన్న చెబితే తాగినవాడి మాట అయ్యేది సార్."

తాళంచెవి మేనేజరు చేతిలో పెట్టేశాడు. భార్య ముందుకొచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది. నవ్వు ఎప్పుడో పోయింది. "మరి ఇంతసేపూ నేను ఇంతమందితో ఎందుకు పోట్లాడినట్టు? మీరు బండి ఎక్కాలనే కదా?"

"ఎక్కడానికి కాదు" అన్నాడు నిదానం. "దిగడానికి."

కండక్టరమ్మాయి అటు తిరిగి టిక్కెట్ల సంచీ సర్దుకుంది. కుర్చీలో కూర్చుని చేసే పనేదైనా చూస్తానని మేనేజరు అంటున్నాడు. నిదానం తల ఊపాడు గానీ ఆ మాటలేవీ చెవికెక్కలేదు.

ఇంటికి ఆ బండిలోనే వెళ్లారు. బాబాయ్ అన్న కుర్రాడే స్టీరింగు వెనక. నిదానం భార్య పక్కన మూడో వరసలో కూర్చున్నాడు. కిటికీలోంచి ఇన్నేళ్లూ ఎదురుగా మాత్రమే చూసిన వీధి పక్కనుంచి కొత్తగా కనిపించింది. మేడ మీద ఎవరో దుప్పట్లు ఆరేస్తున్నారు. అక్కడ ఒక మేడ ఉందని అతనికి ఎప్పుడూ తెలియదు. కుర్రాడు మలుపు కాస్త దూకుడుగానే తిప్పాడు. నిదానం ఏమీ అనలేదు.

వాళ్ల స్టాపు వచ్చింది. దిగేవాళ్లంతా లేచారు. నిదానం వెంటనే లేవకూడదు. కాళ్లు ఆడించుకుని, కాసేపు కూర్చుని, రాడ్డు పట్టుకుని మెల్లగా లేచాడు. లేచినా ఒళ్లు ఒక పక్కకి తూగింది. భార్య నడుం చుట్టూ చెయ్యి వేసింది. వెనక దారి దొరకని ఒకాయన నాలుక చప్పరించాడు.

"పొద్దెక్కకుండానే మొదలు. ఇంటిదాని భుజాల మీద ఊరేగింపొకటి."

భార్య చటుక్కున వెనక్కి తిరిగింది. మేనేజరు గదిలో నుంచి ఇంకా చల్లారని మాటలన్నీ నోటిదాకా వచ్చేశాయి. నిదానం ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. ఈసారి అంతమందిలోనూ పట్టుకున్నాడు.

"పోనివ్వు" అన్నాడు. "నీకు తెలుసుగా."

ఆమె ఆ పెద్దమనిషి వైపు మళ్లీ చూడలేదు. ముందు తను దిగి, అతని బరువంతా తన భుజం మీద వేసుకుని, మెల్లగా దించుకుంది.